తిట్టులా వచ్చిన మాట

పొద్దున్నే అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "తాగు" అంది. అంతే. రోజూ "తాగవే చిలకా" అనేది. ఆ ఒక్క పిలుపు తగ్గేసరికి చెల్లెలి ప్రాణం గిలగిల్లాడింది.

"ఏం, చిలకా అంటే నోరు అరిగిపోతుందా?"

అక్క చెప్పులు తొడుక్కుంటోంది. కుట్టు దుకాణం తెరిచే వేళయింది. "పొద్దున్నే మొదలుపెట్టకే తల్లీ. రాత్రంతా మీ బావకి జ్వరం. నాకు కంటిమీద కునుకు లేదు."

చిలకకి జ్వరం సంగతి పట్టలేదు. 'మొదలుపెట్టకు' అన్నదొక్కటే గుచ్చుకుంది. అక్కకి తనంటే విసుగు పుట్టింది. ఇవాళో రేపో పొమ్మంటుంది. లోపలున్నది భయమే అయినా నోట్లోంచి మాత్రం నిప్పులొచ్చాయి.

"మొగుడికి ఒళ్లు వెచ్చబడితే పక్కనే కాపలా! నేను చచ్చినా నీకు దుకాణమే ముఖ్యం. రాక్షసివి నువ్వు!"

గ్లాసు గోడకి తగిలి భళ్లుమంది.

బావ గోడ పట్టుకుని గదిలోంచి వచ్చాడు. "నిన్న నువ్వు దేవతవంది, ఇవాళ రాక్షసివట. ఈ కొంపలో నోరు విప్పాలంటే వణుకొస్తోంది. వేరే ఇల్లు చూసుకోమను."

"చూశావా! ఇద్దరూ ముందే అనుకున్నారు!"

"అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను," అంది అక్క. "డాక్టరమ్మ బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని చెప్పిన రోజు నీకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. మనసుకొచ్చిన జబ్బు నీ తప్పు కాదు. కానీ దెబ్బలు నాకే కదా తగిలేవి! అన్నీ కడుపులో పెట్టుకున్నాను. ఇక చోటు లేదు."

"అవును, నేనే చెడ్డదాన్ని! పారెయ్యండి నన్ను!"

"అదిగో! ఒక నిమిషం నేను రాక్షసిని, మరు నిమిషం నువ్వు. ఈ ఇంట్లో మామూలు మనుషులే లేరా?"

"ఇంతసేపూ బతిమాలుతున్నాను కదే!"

"ఇది బతిమాలడమా? మీద పడి కొట్టేలా ఉన్నావు. వీధి చివరిదాకా వినపడుతోంది."

చిలక నిర్ఘాంతపోయింది. తను బతిమాలుతున్నాననే అనుకుంది, ఒట్టు.

"నువ్వు పోతే..." అక్కకి అడ్డంగా నిలబడింది. "నువ్వు చూడకపోతే నేనెవరో నాకే తెలీదు. లోపలంతా ఖాళీ. భయమేస్తోంది నాకు!"

అదీ తిట్టులాగే వచ్చింది. అయినా ఈసారి అక్క విన్నది. గాజుముక్కలు పక్కకి తోసి కింద కూలబడింది.

"ఇది చెప్పవే మొద్దూ. దీనికైతే నా దగ్గర జవాబుంది."

"పొమ్మంటావా?"

"పొమ్మనను. గ్లాసు విసిరితే మాత్రం ఆ పూట నీతో మాట్లాడను. మాట్లాడకపోయినా సాయంత్రానికి ఇంటికే వస్తాను. రెండూ నిజమే."

చిలక అక్క ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. బావ ఏదో గొణుక్కుంటూ వెళ్లి పడుకున్నాడు.

అక్క దుకాణానికి బయల్దేరింది. తలుపు మూసుకోగానే చిలక కాళ్లు వెంటపడి పరిగెత్తబోయాయి. గడప దగ్గర ఆగి, "సాయంత్రం వస్తుంది" అంది పైకే. నమ్మకం కుదరలేదు. మళ్లీ అంది.