నవ్వు షాటు

ఫిల్మ్ నగర్ వెనకవైపు, కొండరాళ్లకు ఆనుకుని ఉన్న ఆ పాత షూటింగ్ ఫ్లోర్‌కి మంచి పేరు లేదు. చీకటి పడితే లోపల చక్రం తిరుగుతుందని... ఎవరో ఆడమనిషి "నవ్వనా?" అని అడుగుతుందని... లైట్‌మెన్ కూడా అటు వెళ్లడం మానేశారు.

రెండేళ్ల కిందట డైరెక్టర్ రిత్విక్ తన మొదటి సినిమా అక్కడే మొదలుపెట్టాడు. వందేళ్ల నాటి మూకీల పద్ధతిలో, మాటల్లేని జూట్ మిల్లు కథ. మేస్త్రీ అవ్వాలన్న యావలో, ప్రేమించిన పిల్లను యంత్రం కింద వదిలేసిన కూలివాడి కథ. ఆ పిల్ల వేషం పూజితది. కృష్ణానగర్ ఒంటిగదిలో తన కంచంలో సగం రిత్విక్‌కి పెట్టిన మనిషి.

సినిమావాళ్లకో పట్టింపు ఉంది — శవంగా నటించినవాళ్లు ఆఖర్న కెమెరాలోకి చూసి ఒకసారి నవ్వాలి, లేకపోతే సినిమాకే కీడు. ఆ సాయంత్రం శవం షాటు అవగానే రిత్విక్‌కి ఫోనొచ్చింది, జూబ్లీహిల్స్‌లో ఓ పెద్ద హీరో కథ వింటానన్నాడని. పడుకున్నచోటి నుంచే పూజిత "నవ్వనా?" అంది. "రేపు చూద్దాంలే, ప్యాకప్!" అని కారెక్కాడు మహానుభావుడు.

ఆ రేపు రాలేదు. డబ్బు పెట్టినాయన చేతులెత్తేశాడు. సినిమా ఎందుకాగిందని అడిగినవాళ్లతో, "ఆ పిల్ల నవ్వకుండా వెళ్లిపోయింది" అన్నాడు రిత్విక్. ఆ ఒక్క మాటతో పూజితను వేషానికి పిలిచే దిక్కు లేకుండా పోయింది. కొన్నాళ్లకు చచ్చిపోయిందన్నారు.

ఇప్పుడు అదే ఫ్లోర్‌లో రిత్విక్ పెద్ద సినిమా మొదలవ్వాలి. పనివాళ్లు అడుగు పెట్టేది లేదన్నారు. "రాత్రికి నువ్వే వెళ్లి చూసి రావయ్యా," అన్నారు నిర్మాత చలపతిరావుగారు.

గేటు దగ్గర, ఫ్లోర్ ఊడ్చే కొమురమ్మ ఎదురైంది. "గాడికి పోకు సారూ... ఆ పిల్ల ఇంకా నవ్వలే."

తలుపు తోశాడు. చీకటి... కర్ర్... కర్ర్... పాత సెట్టులోని మిల్లు చక్రం తిరుగుతోంది! ఫోన్ లైటు వేశాడు. యంత్రం కింద — తెల్లచీర, మొహం నిండా నెత్తురు.

"నవ్వనా?"

రిత్విక్ వెనక్కి గెంతి తలుపుకు కొట్టుకున్నాడు. అప్పుడా శవం లేచి కూర్చుని, చక్రానికి కట్టిన తాడు వదిలేసి, మోచేతి మీద దోమను చరిచింది. దెయ్యాలను దోమలు కుట్టవు కదా!

"పూజితా... బతికే ఉన్నావా?"

"కొమురమ్మ అన్నం పెడితే ఉన్నా. ఇలా భయపెడితేనైనా వస్తావని చూస్తున్నా. ఆ నవ్వు తియ్యి రిత్విక్. తప్పు నాది కాదని అందరికీ చెప్పు. నాకు పని కావాలి."

ఫోన్‌లోనే తీశాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. పొద్దున్నే చెబుతానని ఒట్టేశాడు.

తెల్లారింది. తలుపు ముందు అందరూ మూగారు. లోపల పూజిత మొహం కడుక్కుని, పిలుపు కోసం కూర్చుంది.

"ఏముందయ్యా?" అడిగారు చలపతిరావుగారు.

రిత్విక్ జేబులో ఫోన్ తడుముకున్నాడు. చూపిస్తే రెండేళ్ల నాటి అబద్ధం బయటపడుతుంది. అబద్ధాలకోరుకి ఇంత సినిమా ఎవరిస్తారు?

"దెయ్యమే సార్," అన్నాడు మెల్లగా. "తాళం వేయించండి. వేరే ఫ్లోర్ చూసుకుందాం."

తలుపు అవతల చక్రం కర్ర్‌మంది. అందరూ పరుగు తీశారు. అందరికంటే ముందు పరుగెత్తింది, లోపలున్నది దెయ్యం కాదని ఆ గుంపులో తెలిసిన ఒకే ఒక్కడు.