లోపలి మేస్త్రికి ఒక మాట

ఠంగ్, ఠంగ్, ఠంగ్.

రేకు మేస్త్రి బకెట్టు అంచు మడుస్తున్నాడు. ముందు గది ఆయన పని గది. వెనక గది వంటకి, పడకకి, చదువుకి, అన్నిటికీ. రెంటికీ మధ్య ఒక తలుపు ఉంది గానీ, సుత్తి చప్పుడుకి తలుపేం అడ్డం?

అందుకని ఆ ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడరు. అరుస్తారు. మంచినీళ్ళు కావాలన్నా అరుపే. ముద్దు చెయ్యాలన్నా అరుపే. వాళ్ళ అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఇంటిల్లిపాదిలో గట్టి గొంతు ఆ పిల్లదే. క్లాసులో హాజరు పిలిచినప్పుడు అది "ఉన్నాను టీచర్!" అంటే పక్క క్లాసు పిల్లలు కూడా తలలు తిప్పుతారు. వీధంతా దాన్ని 'మైకు' అంటారు. అలా పిలిస్తే దానికి కోపం రాదు. పైగా కాస్త గొప్ప.

ఆ రోజు స్కూలుకు సెలవు. మధ్యాహ్నం అయింది. నర్సమ్మ స్కూటరు ఆపి, చేతి సంచీతో వెనక గదిలోకి వచ్చింది. మైకు వాళ్ళమ్మకి నెలలు నిండుతున్నాయి. నర్సమ్మ వారానికోసారి వచ్చి చూసి వెళుతుంది.

"నొప్పులేమన్నా ఉన్నాయా?" అని అరిచింది నర్సమ్మ.

"లేవు! నడుం ఒక్కటే లాగుతోంది!" అని అరిచింది అమ్మ.

నర్సమ్మ చెవుల్లో గొట్టం పెట్టుకుని, దాని బిళ్ళ అమ్మ పొట్టకి ఆనించింది. కాసేపు విన్నది. మొహం చిట్లించింది. ముందు గది వైపు తిరిగింది.

"మేస్త్రీ! ఆ చెయ్యి ఒక్క నిమిషం ఆపవయ్యా! బిడ్డ గుండె వినమంటావా, నీ బకెట్టు వినమంటావా?"

సుత్తి ఆగింది. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది.

కాసేపటికి అమ్మ నవ్వింది. "ఇదిగో, లేచింది."

"ఏదీ? ఏదీ? నన్ను చూడనీ!" మైకు మంచం మీద నుంచి ఒక్క దూకు దూకింది. రెండు చేతులూ ధబ్బున పొట్ట మీద పెట్టింది.

ఏమీ లేదు. పొట్ట కదలకుండా ఊరుకుంది.

"చూశావా అమ్మా? నేనొస్తే ఎప్పుడూ ఇంతే!"

"లోపలి మేస్త్రికి భోజనం టైమయిందేమోనే!" అని ముందు గదిలోంచి నాన్న అరిచాడు. లోపల నుంచి దబదబా కొడుతుంటుందని నాన్న ఆ బిడ్డకి పెట్టిన పేరు అది.

నర్సమ్మ నవ్వుతూ సంచీ సర్దుకుంది. "గుండె భేషుగ్గా కొట్టుకుంటోంది. ఇంకో మూడు వారాలు. ఇప్పుడు బయటి మాటలన్నీ వింటుంది తెలుసా? రోజూ విన్న గొంతుని పుట్టగానే గుర్తుపడుతుంది."

మైకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నా గొంతు కూడానా?"

"నీ గొంతు గుర్తుపట్టకపోవడమా తల్లీ! మా ఇంటి దాకా వినపడుతుంది," అని నర్సమ్మ వెళ్ళిపోయింది.

మళ్ళీ ఠంగ్, ఠంగ్ మొదలైంది.

నర్సమ్మ వేళాకోళానికి అన్నది గానీ, మైకు మనసులో 'రోజూ విన్న గొంతు' అన్న మాట ముల్లులా దిగింది. పొద్దున్నే స్కూలు. సాయంత్రం హోంవర్కు. మిగతా టైమంతా సుత్తి. మరి తన గొంతు లోపలికి ఎప్పుడు వెళుతుంది? లోపలి మేస్త్రి నాన్న చేతికి తన్నింది. నర్సమ్మ చేతికి తన్నింది. ఆఖరికి ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికొచ్చిన అవ్వ చేతికి కూడా తన్నింది. ఒక్క అక్క చేతికే తన్నలేదు.

పుట్టగానే అందర్నీ చూసి నవ్వి, తనని చూసి మాత్రం 'ఈవిడెవరు?' అనుకుంటే?

మైకు ముందు గదిలోకి వెళ్ళింది. గోడకి గరాటులు వేలాడుతున్నాయి. చిన్నవి, పెద్దవి, నూనె కొట్టు వాళ్ళు చేయించుకున్న చాలా పెద్దది. నాన్న తల వంచుకుని పనిలో ఉన్నాడు. మైకు ఆ పెద్ద గరాటు తీసుకుని పిల్లిలా వెనక్కి వచ్చింది.

అమ్మ కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీస్తోంది. చేతి పక్కన స్టూలు మీద మంచినీళ్ళ గ్లాసు.

గరాటు వెడల్పు మూతిని మైకు అమ్మ పొట్ట దగ్గర పెట్టింది. సన్నటి మూతి దగ్గర తన నోరు పెట్టింది. ఊపిరి బిగపట్టి, సుత్తిని మించిపోయేలా ఒక్క కేక వేసింది.

"బుజ్జీ! నేను మీ అక్కనీ!"

అమ్మ "అమ్మో!" అని లేచిపడింది. గ్లాసు ఎగిరి కిందపడింది. అమ్మ రెండు చేతులతో పొట్ట పట్టుకుని కళ్ళు మూసుకుంది. మొహం పాలిపోయింది.

ముందు గదిలో సుత్తి టక్కున ఆగింది. నాన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? నొప్పులా?"

అమ్మ చెయ్యి ఊపింది. కాదని. నాన్న తడిసిన నేల చూశాడు. గరాటు చూశాడు. మైకుని చూశాడు.

మైకు గరాటుతో సహా ముందు గదిలోకి పారిపోయి, కొత్త రేకు పెట్టెల వరస వెనక నక్కింది. అమ్మకి ఏమన్నా అయితే? లోపల దానికి ఏమన్నా అయితే? నేనెందుకు అరిచాను? ఎందుకు?

వెనక గదిలోంచి మాటలు వినపడుతున్నాయి. అరవకుండా మాట్లాడుతున్నారు. అది మరీ భయంగా ఉంది.

"కదులుతోందా?" నాన్న.

"ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత చప్పుడు లేదు. ఉండండి, చూద్దాం."

మైకు మోకాళ్ళలో తల దాచుకుంది. ఎంతసేపో తెలియదు. చెమట పట్టింది, చల్లారింది.

"ఆఁ... ఇదిగో. సర్దుకుంటోంది," అన్న అమ్మ మాట వినపడింది. "ఏం లేదు, ఉలిక్కిపడింది అంతే. నాతో పాటే. పాపం, మైకుని ఏమీ అనకండి."

"అననులే. నువ్వు జాగ్రత్త."

నాన్న ముందు గదిలోకి వచ్చాడు. పెట్టెల వెనక్కి తొంగి చూశాడు.

"మేడమ్ గారు ఇక్కడున్నారా? అమ్మ పిలుస్తోంది, పో."

"నేను రాను."

"ఎందుకని?"

"దానికి నేనంటే భయం."

"దానికేం భయం లేదే," అని వెనక గదిలోంచి అమ్మ అంది. "నాకే ఉంది, గరాటంటే. అది అక్కడే వదిలేసి నువ్వొక్కదానివే రా."

మైకుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ వెళ్ళి అమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"అంత గట్టిగా ఎందుకే?"

"సుత్తి చప్పుడులో వినపడదని."

అమ్మ దాని జుట్టు వెనక్కి నిమిరింది. "సుత్తి చప్పుడులో అది హాయిగా నిద్రపోతుందే. మీ నాన్న కొడుతున్నంతసేపూ ఒక్క కదలిక ఉండదు. సుత్తి ఆగిందా, లేచి కూర్చుంటుంది. రోజూ మధ్యాహ్నం మీ నాన్న భోజనానికి లేస్తాడు చూడు, అప్పుడే దీని ఆటలు. నువ్వు స్కూల్లో ఉంటావు, నీకేం తెలుసు?"

మైకు అమ్మ పొట్ట వంక చూసింది. ఇన్నాళ్ళూ తను అరిచిందంతా నిద్రపోయేవాళ్ళ మీదన్నమాట!

"చెయ్యి పెట్టు," అంది అమ్మ. "మెల్లిగా. వాయించకు."

మైకు అరచెయ్యి గౌనుకి తుడుచుకుంది. దోసిట్లో నీళ్ళు ఒలికిపోతాయేమో అన్నట్టు మెల్లిగా పెట్టింది. ఏమీ లేదు. 'ఏదీ?' అని గొంతు దాకా వచ్చింది. మింగేసింది. ఇంకా ఏమీ లేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఆ ఇంట్లో గడియారం చప్పుడు చేస్తుందని మైకుకి ఆ రోజే తెలిసింది.

ఏదైనా చెప్పాలి. కానీ మెల్లిగా మాట్లాడటం ఎలాగో దానికి అలవాటు లేదు. మొదటి మాట పెద్దగా వచ్చింది. ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇందాక అరిచింది నేనే," అంది. అమ్మకి తప్ప ఎవరికీ వినపడలేదు. "భయపడ్డావా? నేను కూడా భయపడ్డాను. పెట్టెల వెనక దాక్కున్నాను. నేను మంచిదాన్నే. కాకపోతే కాస్త అరుస్తాను. నువ్వు వచ్చాక నా పక్కనే పడుకుందువుగాని. గోడ వైపు నీకే ఇస్తాను."

అప్పుడు అరచేతి కింద ఏదో జరిగింది. చిన్న మడమో, మోచెయ్యో, చర్మం కింద నుంచి జారుకుంటూ వచ్చి సరిగ్గా దాని అరచేతి మధ్యలో నొక్కింది. ఆగింది. మళ్ళీ నొక్కింది.

మైకు అమ్మ వైపు చూసింది. అమ్మ అవునన్నట్టు తలూపింది.

"అక్కా అంటోందా?" అంది మైకు.

"అక్కణ్ణుంచి చెయ్యి తియ్యవే, ఇరుగ్గా ఉంది అంటోందేమో."

ఇద్దరూ నవ్వుకున్నారు. పొట్ట కూడా ఊగింది.

ముందు గదిలో నాన్న మళ్ళీ కూర్చున్న చప్పుడయింది. బకెట్టు దగ్గరికి లాక్కుంటున్నాడు. ఇంకో క్షణంలో సుత్తి పడుతుంది. లోపల ఉన్నది నిద్రపోతుంది.

మామూలుగా అయితే మైకు ఉన్నచోటు నుంచే 'నాన్నా! ఆగు!' అని ఇల్లు ఎగిరిపోయేలా కేక వేసేది. ఆ కేక వెయ్యడానికే నోరు తెరిచింది కూడా. అరచేతి కింద ఆ చిన్న మడమ ఇంకా ఉంది. మైకు నోరు మూసుకుంది.

చెయ్యి మెల్లిగా తీసింది. లేచి, మునివేళ్ళ మీద నడిచి ముందు గదిలోకి వెళ్ళింది. నాన్న సుత్తి ఎత్తాడు. గాలిలో ఉండగానే ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమిటే, మళ్ళీ ఏమైంది?" అని నాన్న అరిచాడు.

మైకు పెదాల మీద వేలు పెట్టుకుని ఏదో అంది. నాన్నకి వినపడలేదు. సుత్తి కింద పెట్టి, దాని నోటి దగ్గరికి వంగాడు.

"మెల్లిగా లోపలికి రా నాన్నా. బుజ్జి ఆడుకుంటోంది."

తొమ్మిదేళ్ళలో ఆ పిల్ల మాట వినడం కోసం ఆయన వంగడం అదే మొదటిసారి.