భీమమ్మ పేరుమీద రోగం

గడప బయట నిలబడిన స్త్రీని జిలాని బాషా లోపలికి రమ్మన్నాడు. ఆమె కదలలేదు. చంటిబిడ్డను ఒక చంక నుంచి మరో చంకకు మార్చుకుంది.

“వద్దు సామీ. నేను యాడా ఎవురినీ ముట్టుకోకూడదంట. కాగితం రాసిచ్చినారు.”

అది 1955 మార్చి. పోలీసు ఉద్యోగం వదిలి కర్నూలులో ప్రైవేటుగా నేరపరిశోధన చేస్తున్న బాషా లేచి, తన కుర్చీని గడప బయటికి తీసుకెళ్లి ఆమెను కూర్చోబెట్టాడు. తన గురువు చేసే ప్రతి పనినీ పాఠంగా భావించే సహాయకుడు తిమ్మయ్య నోటుబుక్కుతో వచ్చి పక్కన నేలమీద కూర్చున్నాడు.

ఆమె పేరు భీమమ్మ. ఆలూరుకు ఆరుమైళ్ల దూరంలోని ఎర్రబండలో, భూస్వామి దేవేంద్రప్ప ఇంట్లో పనిమనిషి. పది రోజుల కిందట ఆమెను పనిలోంచి తీసేశారు. సోమవారం ఆమెను కుష్ఠురోగుల ఆశ్రమానికి తరలిస్తారు; బిడ్డను వేరుచేస్తారు.

బాషా కాగితం చదివాడు. “ఎడమ ముంజేతిపై మచ్చ, మూడేళ్లుగా స్పర్శ లేదు. ఎడమ చెవితమ్మె నుంచి తీసిన నమూనాలో కుష్ఠు క్రిములు కనిపించాయి. పది నెలలుగా మాత్రలు ఇస్తున్నాము.” కింద డాక్టరు సంతకం.

“చెయ్యి చూపించమ్మా.”

ముంజేతిపై పాలిపోయిన మచ్చ ఉంది. దాని మీదుగా తేలు ఆకారంలో పచ్చబొట్టు, కొండి లేదు.

“ఇది సగంలో ఆగిందేమి?”

“నిరుడు తిరునాళ్లలో పొడిపించుకుంటి సామీ. సూది పోట్లకు తాళలేక కేకలేసుకుంటా లేసొచ్చేస్తి. ఆ పచ్చబొట్లామె ఇప్పటికీ నన్ను జూసి నగుతాది.”

“చెవి నుంచి ఎవరైనా నమూనా తీశారా?”

“నా చెవిని ఎవురూ ముట్టలేదు.”

“మరి మాత్రలు?”

“నాకేం మాత్రలు సామీ! శుక్కురారం శుక్కురారం ఆ ఇంటి అయ్య పంపిస్తే ఆసుపత్రికి పోయి అమ్మకు బలం బిళ్లలు తెస్తాంటి. ఏలిముద్ర ఏస్తే కాంపౌండరు ఇస్తాడు. అంతే.”

ఏలిముద్ర అన్న మాట కింద గీత గీయమని బాషా తిమ్మయ్యకు సైగ చేశాడు.

గురువారం మధ్యాహ్నం వారు దేవేంద్రప్ప ఇంటికి వెళ్లారు. “పాపం, నమ్మకమైన మనిషప్పా,” అన్నాడు ఆయన. “ఏం జేస్తాం? చట్టం చట్టమే కదా.” అతని భార్య కృష్ణవేణమ్మ కాఫీ తెచ్చింది. అంత ఎండలోనూ కొంగును చెవుల మీదుగా బిగించి కప్పుకుంది. పొయ్యి దగ్గరి నుంచి తెచ్చిన ఇత్తడి లోటాలను ఉత్త చేతులతో పట్టుకుని నింపాదిగా అందించింది. తిమ్మయ్య తన లోటాను వెంటనే కింద పెట్టి వేళ్లు ఊదుకున్నాడు. పెరట్లో రామలక్ష్మమ్మ అనే కొత్త పనిమనిషి గిన్నెలు తోముతోంది.

శుక్రవారం ఉదయం బాషా ఊరి ఆసుపత్రిలో రిజిస్టరు తెరిపించాడు. భీమమ్మ పేజీలో వారంవారం వేలిముద్రలు ఉన్నాయి. తర్వాతి పేజీలో కొత్త పేరు. దాని కింద గత శుక్రవారం వేసిన ఒకే ఒక ముద్ర. బాషా ఆ పేరు చదివి, రిజిస్టరు మూసి, అందరినీ పిలిపించాడు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు, కాంపౌండరు పుల్లయ్య, దేవేంద్రప్ప దంపతులు కూర్చున్నారు. భీమమ్మ మెట్ల కింద నిలబడింది.

“డాక్టరుగారూ, ఈమె కళ్లు మూయించి ఆ మచ్చమీద సూదితో తాకండి.”

డాక్టరు విసుగ్గా తాకాడు.

“అబ్బా! ఏం డాక్టరయ్యా, గోనెసంచి కుడతాండావా?”

ఎవరూ నవ్వలేదు.

“సర్టిఫికెట్టు రాసినప్పుడు ఈ పరీక్ష చేశారా?” బాషా అడిగాడు.

“పుల్లయ్య నమూనా తెచ్చాడు. వివరాలూ అతనే చెప్పాడు.”

“అంటే ముట్టుకోకుండానే స్పర్శ లేదని రాశారు. నమూనాలోని క్రిములు మాత్రం నిజమే. చెవి ఈమెది కాదు. ఈ మాత్రలు బయట కొట్లలో దొరకవు. రిజిస్టరులో పేరున్న రోగికి మాత్రమే ఇస్తారు. పరువు పోకుండా మందు కావాలంటే మరొకరి పేరు కావాలి. వేలిముద్ర వేయమంటే ఎందుకని అడగని మనిషి కావాలి. ఆశ్రమానికి పంపవలసిన వారి జాబితాను ఈ రిజిస్టరు నుంచే తయారుచేశారు. అందులో పేరు పడగానే భీమమ్మను పనిలోంచి తీసేశారు. ఆ వెంటనే వచ్చిన శుక్రవారమే రామలక్ష్మమ్మ రోగి అయింది. ఇద్దరూ పనిచేసింది ఒకే వంటింట్లో. మనుషులు మారారు, రోగం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.”

పుల్లయ్య దేవేంద్రప్ప వైపు చూశాడు. “నువ్వు చెప్తేనే కదన్నా...”

“నోరు ముయ్యిరా!”

కాలే లోటాను పట్టుకున్న వేళ్లెవరివో బాషా చెప్పలేదు. కృష్ణవేణమ్మే లేచింది. కొంగు తీసింది. దళసరెక్కిన ఎడమ చెవితమ్మె మీద చిన్న గాటు మచ్చ.

“రోగం సంగతి నాకు తెలుసు. ఎవురి పేరుమీద మందొస్తాందో నేనెన్నడూ అడగలేదు. ఆ తప్పు నాది, భీమమ్మా.” ఆమె డాక్టరు వైపు తిరిగింది. “నా పేరు రాసుకోండి. సోమవారం నేను పోతా.”

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “మీరు వెళ్లనక్కర్లేదమ్మా. ఆ చట్టం దిక్కులేని రోగులకే. ఇల్లూ వాకిలీ ఉన్నవారు ఇంట్లోనే మందు తీసుకోవచ్చు.”

దేవేంద్రప్ప తల దించుకున్నాడు. నిజం చెప్పినా అతని భార్య గడప దాటవలసిన అవసరం ఉండేది కాదు. కేవలం పరువు కోసం అతను ఒక తల్లిని బిడ్డనుంచి విడదీయడానికి సిద్ధపడ్డాడు.

డాక్టరు సర్టిఫికెట్టు చించేశాడు. కొత్తగా చేరిన రామలక్ష్మమ్మ పేరు కొట్టేశాడు. పుల్లయ్య మీద ఫిర్యాదు రాయడానికి తిమ్మయ్య కలం తీశాడు. భీమమ్మ మెట్లెక్కి వచ్చి రిజిస్టరు మీద చెయ్యి పెట్టింది.

“నా ఏలిముద్రలు నాకిచ్చేయండి.”

“వాటిని చెరపడానికి నిబంధన లేదు,” అన్నాడు డాక్టరు.

“రాయడానికి ఉంది కదా,” అన్నాడు బాషా. “ప్రతి ముద్ర కిందా రాయండి: ‘ఈమెకు ఈ రోగం లేదు.’ సంతకం, తేదీతో.”

డాక్టరు రాయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమైంది. అక్షరం రాని భీమమ్మ బిడ్డకు పాలిస్తూ పక్కనే కూర్చుని పేజీ మీంచి చూపు తిప్పలేదు. డాక్టరు కలం మూయబోయినప్పుడు వేలు చూపించింది.

“ఆ మూల ఇంగొకటి ఉండాది సామీ.”