రాడెక్ రైఫిల్‌కి రిపేరు

"రైఫిల్ నీ దగ్గరికే వస్తుంది. మూతి చీలిన గొట్టం కోసి, బాగుచేసి, తిరిగి వాళ్ళ చేతికే ఇవ్వాలి," అన్నాడు కర్నల్ ఒరోజ్‌బెక్.

గూఢచారి శాఖలో తుపాకుల పనివాడు జిర్గాల్ టీ గిన్నె కింద పెట్టాడు. "హంతకుడి తుపాకీ నేను బాగుచెయ్యాలా?"

"ఇప్పుడే పట్టుకుంటే రాడెక్ వేటకొచ్చానంటాడు. పేలుస్తూ దొరకాలి, ప్రాణాలతో దొరకాలి. పంపినవాళ్ళ పేర్లు వాడికే తెలుసు. ఆదివారం గుర్రప్పందేల మైదానంలో నదీజలాల చర్చలకొచ్చిన ప్రతినిధి ఐజదా మీద గురి. ఆవిడ వెనక మట్టిగట్టు తప్ప మనిషన్నవాడు లేకుండా నేను చూసుకుంటా. వాడి తూటా తగలకుండా నువ్వు చూడు."

"వాడి పక్కన మన మనిషి?"

"సాల్తనాత్. డబుల్ ఏజెంట్. నిజంగా ఎటువైపో నాక్కూడా తెలీదు. కోడ్ మాట చెబితే మనది. చెప్పకపోతే కాదు."

నాలుగేళ్ళ క్రితం సాల్తనాత్ జిర్గాల్ ప్రియురాలు. ఈ ముఠాలో చేరే పని మీద వెళ్ళి మళ్ళీ తిరిగి చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కరాకోల్ బజారు వెనక తుపాకుల మరమ్మతు కొట్లో, నెరిసిన పెట్టుడు గడ్డంతో, జిర్గాల్ లేత్ ముందు కూర్చుని ఉండగా ఇద్దరూ వచ్చారు. రాడెక్ ఆరడుగుల పైన ఉన్నాడు. సాల్తనాత్ ఎర్ర కోటులో ఇదివరకటికంటే అందంగా ఉంది. అదే జిర్గాల్‌కి ముందు కాలింది.

"బైకె, చూడు దీని అవతారం," అంటూ రైఫిల్ బల్లమీద పెట్టింది. వయసులో పెద్దవాణ్ణి పిలిచినట్టే పిలిచింది. "మూతిలో బురద కూరుకుంది. చూసుకోకుండా పేల్చాడు మావాడు."

మావాడు!

సెమీ ఆటోమేటిక్. మూతి ఉబ్బి, అంచు చీలింది. "ఇంతవరకూ కోసెయ్యాలి," అని జిర్గాల్ సుద్దముక్కతో గీత గీశాడు.

"కొయ్యి. తొందరగా," అన్నాడు రాడెక్. సాల్తనాత్ అతని భుజం మీది దుమ్ము వేళ్ళతో దులిపింది. అక్కర్లేనంత నెమ్మదిగా.

జిర్గాల్ గొట్టంలోకి లైటు వేసి చూశాడు. గీతకి వేలెడు లోపల, వెంట్రుకంత సన్నటి చీలిక. గీత దగ్గరే కోస్తే అది అక్కడే ఉండిపోతుంది. ఏదో ఒక తూటాకి గొట్టం బద్దలై వాడి మొహం మీదే పేలుతుంది. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. సుద్దగీత మీదే రంపం ఆనించాడు.

"ఆదివారం నేను ఇతని భుజానికి భుజం ఆనించి కూర్చుంటా," అంది సాల్తనాత్ నవ్వుతూ. "పందేలు బాగా కనబడతాయి."

ఒళ్ళు మండింది. కానీ గొట్టం బద్దలైతే ఆ భుజం పక్కనున్న మొహం కూడా పోతుంది. తనను తానే తిట్టుకుంటూ, రంపం వేలెడు లోపలికి జరిపి కోశాడు. లేత్ మీద కొత్త మూతి నున్నగా చేసి ఇచ్చాడు.

కొట్టు వెనక వాగులో రాడెక్ మూడు తూటాలు పేల్చాడు. మూడూ నడిమధ్యలో. రైఫిల్ జిర్గాల్ చేతికిచ్చి, గురి కాగితం తెచ్చుకోవడానికి అవతలి గట్టుకి నడిచాడు.

"కొండమేకలు పైకెళ్ళిపోయాయి," అంది సాల్తనాత్ అటే చూస్తూ.

కోడ్ మాట! జిర్గాల్ దాని జవాబు చెప్పాడు. "మంచు ఇంకా దిగలేదుగా."

"గడ్డం బాలేదు."

"వాడు బాగున్నాడా?"

"పని చూడు, జిర్గాల్."

తూటా గురి తప్పి పక్కకి పోయేలా, ఆకురాయితో మూతిని ఓ పక్కకి ఏటవాలుగా అరగదీశాడు. రైఫిల్ భుజానికి ఆనే కట్టె చివర గోరంత ట్రాన్స్‌మిటర్ దూర్చాడు. రాడెక్ వచ్చేసరికి మూతికి రబ్బరు తొడుగు తొడిగేసి ఉంది.

"మళ్ళీ బురద దూరకుండా. పేల్చేముందు తీస్తే చాలు," అన్నాడు జిర్గాల్ వినయంగా.

ఆదివారం ట్రాన్స్‌మిటర్ జిర్గాల్‌ని గుర్రాలసాల అటక మీదికి నడిపించింది. ఆఖరి మెట్టు మీద ఉండగానే రైఫిల్ పేలింది. తూటా ఐజదాకి మూరెడు దూరంగా పోయి మట్టిగట్టులో దిగింది. రాడెక్ బూతు మాట అని, తేడా లెక్కగట్టి గురి పక్కకి జరిపాడు. రెండో తూటా అప్పటికే గొట్టంలో ఉంది. వేలు బిగుసుకుంటుండగా సాల్తనాత్ మోచేత్తో రైఫిల్‌ని పైకి లేపింది. కప్పు రేకుకి చిల్లు పడింది. జిర్గాల్ వాడి మీదికి దూకాడు. వెనకే వచ్చిన పోలీసు దుస్తుల యువకుడు బేడీలు వేశాడు.

"నాలుగేళ్ళు," అన్నాడు జిర్గాల్ రొప్పుతూ. "వాడి పక్కన నిన్ను చూస్తుంటే..."

"తెలుసు. రంపం జరిపావు. చూశాను." ఆమె గొంతు మెత్తబడింది. ఆ వెంటనే పోలీసు యువకుడి చెయ్యి పట్టుకుంది. "ఇతను మెదెర్. మన డిపార్టుమెంటే. వచ్చే నెల మా పెళ్ళి."

జిర్గాల్ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. చూపు నడుముకున్న పిస్టల్ దగ్గర ఆగింది.

"మంచి పిస్టల్ తమ్ముడూ. ఎప్పుడైనా రిపేరొస్తే నా దగ్గరికే తీసుకురా."