మాస్టరు కొడుకులు ఆఖరు

కోట ఊళ్ళో ఆ శనివారం కూడా అన్ని శనివారాల్లాగే తెల్లారింది. రెబెక్కమ్మ పెనం మీద దోసెలు పోస్తోంది. నిన్నటి చేపల పులుసు పక్క పొయ్యి మీద వెచ్చబడుతోంది. చేపల పులుసు గొప్పతనం అదే, ఒక రాత్రి గడిస్తే దానికి రుచి పెరుగుతుంది. మనుషుల సంగతి అలా కాదు. కొన్ని ఇళ్ళలో నిన్నటిది ఎన్నిసార్లు వెచ్చబెట్టినా పులుపు పులుపుగానే ఉంటుంది.

ఆమె భర్త ఆనందబాబు మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టరుగా చేసి నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాడు. రిటైర్డ్ అయ్యాడే గాని టైర్డ్ కాలేదు. మెడలో ఈల పోయింది, గొంతులో అలాగే ఉంది. పేరులో ఆనందమూ ఉంది, బాబూ ఉన్నాడు. ఇంట్లో మాత్రం ఆ ఆనందానికీ ఇద్దరు బాబులకీ మధ్య కొంచెం దూరం. పెద్దవాడు హెన్రీకి ముప్పై మూడేళ్ళు, నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం. చిన్నవాడు రూఫస్‌కి ఇరవై తొమ్మిది, వాకాడు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేసే పని. నెలకోసారి, నాలుగో శనివారం ఇద్దరూ ఇంటికొస్తారు. అమ్మతో మాట్లాడతారు, నాయన ఎదురుగా కూర్చుంటారు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆనందబాబుకు ఈమధ్యనే కనబడసాగింది.

అందుకే ప్రయాణం పెట్టాడు. ఫిబ్రవరిలో మూడు రోజులు, తండ్రీ ఇద్దరు కొడుకులూ. పులికాట్ సరస్సులో పడవెక్కి ఇరకం దీవికి పోవడం, అక్కడ డేరాలు వేసుకోవడం, సొంతంగా వండుకు తినడం, దీవి చుట్టూ కాలినడకన తిరగడం. అప్పుడే రెండు డేరాలు కొన్నాడు, పడవ నడిపే పోలేరయ్యకు ఫోన్ చేసి మాట్లాడుకున్నాడు. నాలుగు పక్కలా నీళ్ళుంటే ఎవరూ లేచిపోలేరు, మాటలు వాటంతటవే వస్తాయని అతని ఆశ. నిజానికి అతనికి కావలసింది దీవి కాదు. కొడుకుల నోట ఒక్క 'సరే' కావాలి. సాహసయాత్ర అని పేరైతే పెట్టాడు గాని, అసలు సాహసమంతా వాళ్ళని అడగడంలోనే ఉంది.

దోసెలు సగమయ్యేసరికి చార్టు తెచ్చి గోడకు ఆనించాడు. ఐదున్నరకు నిద్ర లేవడం, ఐదు నలభైకి ప్రార్థన, ఆరింటికి కాఫీ, ఆరుంబావుకు నడక. నీలం రంగులో టైములు, ఎరుపు రంగులో పనులు. రెబెక్కమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాయనా, ఒంటికి పొయ్యేదానికి టైము రాయలేదే," అన్నాడు రూఫస్.

ఆనందబాబు నవ్వాడు. కొడుకు తనతో జోకేసి ఎంతకాలమైందో. ఆ ఊపులో పనులు చదివేశాడు. సామాన్ల మోత హెన్రీ, వంట గిన్నెలు రూఫస్, నాయకత్వం తను.

హెన్రీ చేతిలోని దోసె ముక్క కంచంలో పెట్టేశాడు. ఆనందబాబు అది చూసుకోలేదు.

"ఏడేండ్లు వరసగా పోయినాం గదరా ఆ దీవికి," అన్నాడు. "మీరు పిలకాయలప్పుడు. మళ్ళీ ఒకసారి చూసొద్దాం."

"మళ్ళీ ఏంది?" అన్నాడు హెన్రీ.

"అదేరా, దసరా సెలవల క్యాంపుల్లో."

"నువ్వు పోయినావు నాయనా. మేం పోలా."

ఆ క్యాంపుల సంగతి కోటలో చర్చికి పోయే వాళ్ళందరికీ తెలుసు. దసరా సెలవుల్లో ఆనందబాబు యాభై అరవై మంది పిల్లల్ని వెంటేసుకుని పోయేవాడు. జీతం లేదు, బత్తెం లేదు, పేరు మాత్రం బోలెడు. ఆ క్యాంపులకు అతను పెట్టిన కట్టుబాటు ఒకటుంది. మాస్టరు కొడుకులు ఆఖరు. అన్నానికి ఆఖరు, స్నానానికి ఆఖరు, పడవకు ఆఖరు. తన బిడ్డల్ని ముందు చూసుకున్నాడని ఎవరూ వేలెత్తి చూపకూడదు. ప్రతి ఏడూ పడవలో రెండు చోట్లు తక్కువయ్యేవి. ప్రతి ఏడూ ఒడ్డున సామాన్లకు కాపలా కావలసి వచ్చేది. దిగండి బాబులూ అని తలమీద చెయ్యి పెట్టేవాడు. అందరి పిల్లలకూ దీవి, సొంత పిల్లలకు దీవెన. ఆదివారం ఆరాధనలో పెద్దలు లేచి సాక్ష్యం చెప్పేవాళ్ళు, మన మాస్టరు గారు సొంత బిడ్డల్ని కూడా చూసుకోరని. అది మెప్పు అనుకుని మురిసిపోయాడు ఆనందబాబు. మాట అదే, ఇప్పుడు వింటే తిట్టు.

కానీ అతను ఒప్పుకోలేదు. ఒకటి రెండుసార్లు దింపి ఉంటానేమో గాని ఏడుసార్లూ ఎట్లా దింపుతానన్నాడు. కట్టెలేరింది ఎవరు, దీవిలో జెండా పాతింది ఎవరు అని అడిగాడు. జెండా పాతింది సుశీల్ కుమార్ అని హెన్రీ చెప్పాడు, కరణం గారి వీధిలో ఉండే వాడని గుర్తు కూడా చెప్పాడు. ఆనందబాబుకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు డ్రిల్లు మాస్టరు సాక్ష్యం వెతుకుతాడు. ముందు గదిలోకి పోయి స్టూలెక్కి, గోడకున్న క్యాంపు ఫొటోలు ఏడూ దించి, దోసెల కంచాల పక్కన పరిచాడు.

అన్నీ దీవిలో తీసినవే. వెనక నీళ్ళు, ముందు పిల్లలు, మధ్యలో ఈలతో తను. వేలు పెట్టి ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోయాడు. వీడు నాగుల్ మీరా తమ్ముడు, ఈ అమ్మాయి డెబోరా, ఇప్పుడు నర్సు. అరవై మందిలో ఒక్క పేరు తడబడలేదు. రెండో ఫొటో, మూడో ఫొటో. ఐదో ఫొటోకి వేలు నెమ్మదించింది. ఏడోదాన్ని రెండుసార్లు చూశాడు. తిప్పి వెనక అట్ట కూడా చూశాడు, కొడుకులు అటువైపు ఉన్నట్టు.

ఏ ఫొటోలోనూ వాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ ఆ గోడ కిందే కూర్చుని పేపరు చదివాడు. ఎన్నడూ వెతకలేదు. వెతకాలని తోచనంతగా, వాళ్ళు ఉన్నారని నమ్మాడు.

"నీకు తెలుసా?" అని భార్యని అడిగాడు.

"నేను చెప్పినా నీకు, రెండో ఏడే," అంది రెబెక్కమ్మ. "పక్షపాతం అన్నావు. తర్వాత ఊరంతా నిన్ను పొగడతాంటే, నేనూ నోరు మూసుకున్నా. మాస్టరు పెండ్లాం అంటే నాకూ బాగుండింది గదా. వాళ్ళకి నువ్వొక్కడివే కాదు బాకీ, నేను కూడా."

పెనం మీద దోసె మాడిన వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

రూఫస్ మామూలుగా మాట్లాడాడు. అదే ఆనందబాబుకు ఎక్కువ తగిలింది, అరిచి ఉంటే తట్టుకునేవాడు. దీవికి పడవెక్కే రేవు తన చెరువులకి ఎంతో దూరం లేదనీ, ఏ ఆదివారమైనా పడవెక్కి పోగలననీ, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేదనీ చెప్పాడు. రేవు దాకా పోయి టీ తాగి వచ్చేస్తాడట.

"ఎందుకురా?"

"తెలీదు. నువ్వు పిలస్తావని ఏమో. క్యాంపుల్లో మాకు లీడరుండినాడు నాయనా. నాయన లేడు."

ఆనందబాబు జీవితంలో వెయ్యి ప్రార్థనలు చేయించి ఉంటాడు. అందరి తరఫునా క్షమాపణ వేడడం అతనికి కంఠతా వచ్చు. తన తరఫున, ఎదురుగా ఉన్న మనిషిని అడగడం రాదు. చార్టును మడిచాడు, మళ్ళీ మడిచాడు, ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నదైంది.

"తప్పు చేసినాను," అన్నాడు. "పెద్దోడా, నన్ను మన్నించు. రారా, పోదాం. ఈసారి మిమ్మల్నే ముందు ఎక్కిస్తా."

హెన్రీ కంచం తీసి సింకులో పెట్టి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు.

"మన్నించేది ఎప్పుడో అయిపోయింది నాయనా. నాకు బిడ్డ పుట్టినప్పుడే. కానీ నేను రాను. ఆ పడవ ఎక్కాల్సినోడికి పదమూడేండ్లు. వాడు ఇప్పుడు లేడు. నేను ఎక్కితే వాడు ఎక్కినట్టు గాదు."

క్షమాపణ దొరికింది, కొడుకు దొరకలేదు. రెండూ ఒకే పొట్లంలో వస్తాయనుకున్నాడు ఆనందబాబు, ఇన్నేళ్ళు బైబిలు చదివి కూడా.

హెన్రీ మధ్యాహ్నం దాకా ఉంటానన్నవాడు పదిన్నరకే బయలుదేరాడు. రెబెక్కమ్మ పులుసు డబ్బాలో పోసిచ్చింది. ఆనందబాబు అతని వెనకే వాకిట్లోకి వెళ్ళాడు. ఇంకోసారి అడుగుతాడని రూఫస్ భయపడి తనూ వచ్చాడు. ఆనందబాబు అడగలేదు. అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టుకుని, తను ఎన్నడూ అడగనిది అడిగాడు.

"ఒడ్డున ఉండిపొయ్యేవాళ్ళు గదా. సాయంత్రం దాకా ఏం చేసేవాళ్ళురా?"

హెన్రీ బండి మీద కూర్చుని ఉన్నాడు. తాళం తిప్పబోయి ఆగాడు.

"ఏం చేస్తాం. వీడు ఏడ్చేవాడు. దీవిలో ఏముండాదో నేను కథలు చెప్పేవాణ్ణి."

"ఏం చెప్పినావు?"

"ఏనుగు ఉండాదని చెప్పినా. ముసలి ఏనుగు. పడవొస్తే లెక్క పెడతాదంట ఎంతమంది దిగినారో."

"పదేండ్లొచ్చిందాకా నమ్మినా," అన్నాడు రూఫస్. అతనికి నవ్వొచ్చింది.

"ఇంకా ఏముండేవి?" అన్నాడు ఆనందబాబు. గొంతులో ఈల లేదు.

హెన్రీ తమ్ముడి వైపు చూశాడు. చెప్పాలా వద్దా అన్నట్టు చూశాడు. తమ్ముడే చెప్పాడు.

"ఆ దీవిలో మాస్టర్లు ఉండరంట నాయనా. ఆడికి పొయినోళ్ళందరూ వాళ్ళ వాళ్ళ నాయన్ల పక్కనే కూర్చోని అన్నం తింటారంట."

ఆనందబాబు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారని తెలుసు. ఎవరేమనుకుంటారోనని ముప్పై ఏళ్ళు బతికిన మనిషి, ఆ పూట ఎవరినీ లెక్క చేయకుండా, వెక్కి వెక్కి ఏడ్చాడు. లోపలినుంచి రెబెక్కమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

హెన్రీ బండికి స్టాండు వేశాడు. వచ్చి మెట్టు మీద తండ్రి పక్కన కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేయలేదు, కొంచెం ఎడంగానే కూర్చున్నాడు. పదకొండయింది, పదకొండున్నరయింది. అతను లేవలేదు.

ఫిబ్రవరిలో ముగ్గురూ ఎక్కడికీ పోలేదు. పోలేరయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు, పడవ ఎప్పుడు కావాలని. మా పిల్లలు చెప్పినప్పుడు చెప్తానన్నాడు ఆనందబాబు.