ముందే అచ్చయిన మరణాలు

పలాసలో ప్రెస్సు నడిపే అప్పలసూరిని పొద్దున ఏడింటికి ఎవరో కాల్చి చంపారు. శవం పక్కన అప్పుడే కుట్టిన పుస్తకాల కట్ట: ‘ఉద్దానం నీటి నివేదిక’.

“నీళ్ల గురించి అచ్చేసినవాణ్ని ఎందుకు చంపారో కనుక్కో,” అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్, ఏజెంట్ ఈశ్వరరావుతో ఫోన్‌లో. “తీరంలో ఊళ్లు ఖాళీ చేయించి, ఆయుధాల పడవలు దించాలని ఓ విదేశీ ముఠా చూస్తోంది. అందులో జ్యోత్స్న మన మనిషి. కలువు.”

జీడిపప్పు వ్యాపారి వేషంలో ఈశ్వరరావు రోడ్డు పక్కన ఆగి ఉన్న ఆమె కారెక్కాడు. పక్కన ఆమె: నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. జ్యోత్స్న ఆ పుస్తకం అందించింది.

“టేబుల్స్, గ్రాఫులు, ఫొటోలు. అన్నీ నిజాలే. టైమ్ వేస్ట్.”

ఈశ్వరరావు ఒకప్పుడు పత్రికలో సబ్ ఎడిటర్. ఏది చదివినా ఎవరు రాశారు, మనచేత ఏం చేయించాలని రాశారు అని చూడటం అతనికి అలవాటు. ఇందులో రాసినవాళ్ల పేర్లు లేవు. మొదటి పదకొండు పేజీల్లో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల వివరాలు. అవన్నీ నిజాలే, చదువుతుంటే గుండె బరువెక్కింది. పన్నెండో పేజీ నుంచి అంకెలు మాయమై ‘దారుణం’, ‘నరమేధం’ మొదలయ్యాయి. చివర ‘ఊళ్లు వదిలి పొండి’. ఆ నిజాలన్నీ ఈ మాట నమ్మించడానికే.

మధ్యలో ఒక వాక్యం దగ్గర అతని వేలు ఆగిపోయింది.

‘పద్నాలుగో తేదీ ఉదయం పదింటికి కొత్తగండిలో వాటర్ ప్లాంట్ నీళ్లు తాగి నలభై ఒక్కరు మరణించారు.’

ఈరోజే పద్నాలుగు. టైము తొమ్మిదిన్నర. అప్పలసూరి కూడా ఇక్కడే ఆగి, ఇదేమిటని అడిగి ఉంటాడు.

“ఇది రిపోర్టు కాదు జ్యోత్స్నా, ప్లాన్.”

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఆమె ముఠావైపు తిరిగిపోయిందని ఈశ్వరరావుకు అర్థమైంది. పిస్టల్ బయటికి రాకముందే ఊపిరి బిగబట్టి జేబులోని గ్యాస్ పెన్ను నొక్కాడు. గ్యాస్ చిమ్మింది. స్పృహ తప్పిన ఆమెకు బేడీలు వేసి, వెనకసీట్లోకి తోసి, స్టీరింగ్ అందుకున్నాడు.

చీఫ్ ఇప్పించిన నంబరుకు చేస్తే కొత్తగండి ప్లాంట్ ఆపరేటర్ గున్నయ్య ఫోన్ ఎత్తడం లేదు. జీడితోటల మధ్య కారు దూసుకుపోయింది.

తొమ్మిదీ యాభై తొమ్మిది. బిందెలతో ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. గున్నయ్య చెయ్యి వాల్వు మీద ఉంది.

“తిప్పకు! నీళ్లలో విషం!”

“ఏటి బావూ, నీకేటైనా పిచ్చా?”

ఈశ్వరరావు పైకి చూపించాడు. ట్యాంకు మూత తాళం పగిలి ఉంది. ఎక్కి మూత తీస్తే నీళ్ల మీద తెల్లటి నురగ. గున్నయ్య వాల్వు మీంచి చెయ్యి తీసేశాడు.

పోలీసులొచ్చి జ్యోత్స్నను తీసుకెళ్లాక, రత్నాలమ్మ అనే ముసలావిడ బిందె చంకనెత్తుకుని ఎదురొచ్చింది.

“బతికించినావు, బాగుంది. మరి నీల్లెవులు తెత్తారు? కారుందిగదేటి?”

ఈశ్వరరావు డిక్కీ తెరిచాడు. ఆ పూట ముఠావాళ్ల కారులో మందస నుంచి పద్దెనిమిది బిందెల నీళ్లొచ్చాయి. చీఫ్‌కు పంపిన రిపోర్టులో ఆ సంగతి మాత్రం అతను రాయలేదు.