మూడో అంతస్తులో దారి అడిగే గొంతు

మా కాలనీలో మూడో అంతస్తు చివరి గదంటే పోస్ట్‌మ్యాన్‌కి కూడా హడల్. ఉత్తరాలు మెట్ల మీదే పడేసి పోయేవాడు. దీపాలు పెట్టే వేళకి లోపల్నుంచి ఒక గొంతు...

"బాబూ, మన ఊరికి దారెటు?"

మన ఊరెక్కడుంది? ఆనకట్ట కట్టాక నీళ్ల కిందికి పోయి నలభై ఏళ్లు. ఊరందర్నీ లారీల్లో తెచ్చి ఈ కాలనీలో పోశారు.

ఆ గదిని నా మనవరాలికిచ్చారు, కుట్టుమిషన్ పెట్టుకోవడానికి. రేపు పొద్దుటికల్లా చేరకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు కాలనీ ఆఫీసువాళ్లు. మిషన్ మోసే కూలీలేమో దాన్ని రెండో అంతస్తులో దింపేసి పరార్.

నేను భయపడే రకమా? ఒకసారి అడవిలో ఎలుగుబంటి ఎదురొస్తే పక్కకి జరగమన్నాను. జరిగింది. అలాంటివాణ్ణి, తలుపు ఒక్క తన్ను తన్నాను. తాళం ముందే తీసి ఉంది, అది వేరే సంగతి.

లోపల చీకటి... మూలన పాత చెక్క బీరువా. దాని తలుపు దానంతటదే — కిర్రుమంది.

"నన్ను మోసుకొచ్చింది నువ్వేనా నాయనా?"

నా కాళ్లు వణకలేదు. నేలే వణికింది.

ఊరు ఖాళీ చేసిన రోజు ఆ బీరువాని నలుగురు కదపలేకపోతే నేనొక్కణ్ణే వీపున వేసుకుని లారీ ఎక్కించాను. లోపల ఓ ముసలమ్మ దెయ్యం కునుకు తీస్తోందని ఎవడనుకున్నాడు?

ఊరు నీళ్ల కిందికి పోయిందని చెప్పాను.

"నీళ్లయితే నాకేం నాయనా... దారి చెప్పు చాలు, పోతాను."

మనవరాలు పరుగున వెళ్లి పెద్దవాళ్లని పిలుచుకొచ్చింది.

"వంతెన దిగి ఎడమకి," గుసగుసగా అన్నాడు బస్సు డ్రైవర్.

"వంతెనెక్కడిది? రేవు దాటాలి," అంది పంతులమ్మ.

"నువ్వు బడి గుమ్మం దాటితేగా రేవు సంగతి తెలియడానికి," అన్నాడు టైలర్.

"నా బస్సులో టికెట్ లేకుండా తిరిగినవాడివి, నువ్వు మాట్లాడకు."

కుడికి అన్నాను నేను. నలుగురం నాలుగు దార్లు పట్టాం. పదకొండైంది.

బీరువాలోంచి మెల్లగా ప్రశ్న — "మీలో ఒక్కరైనా ఆ ఊళ్లో ఉన్నారా అసలు?"



అప్పుడు ఈ కాలనీలోనే పుట్టిన నా మనవరాలు బీరువా ముందు గొంతుక్కూర్చుంది. "అవ్వా, విను. పిండిమర దగ్గర ఎడమకి తిరుగు. వాగు దాటితే ఎర్ర అరుగుల ఇల్లు. అరుగు మీద పిల్లి పడుకుని ఉంటుంది, తొక్కకు. దానికెదురుగా ఉన్నదే మీ ఇల్లు."

చల్లటి గాలి ఒకటి మమ్మల్ని రాసుకుంటూ పోయింది. మెట్ల మీద అడుగులు... ఒక్కొక్కటే... కిందికి. బీరువా ఖాళీ.

తెల్లారేసరికి మిషన్ గదిలోకి చేరింది.

"అమ్మడూ, ఆ దారి నిజమేనా?" అన్నాను.

"నాకేం తెలుసు తాతయ్యా. మీరంతా ఇన్నేళ్లూ చెప్పిన ముక్కలన్నీ కలిపి కుట్టేశాను." దారం కొరికింది. "మళ్లీ అడగడానికి రాలేదుగా."

ఆ సాయంత్రం డ్రైవర్ వచ్చాడు, గుండీ ఊడిందంటూ. గుండీలన్నీ ఉన్నాయి. "ఆ పిల్లి దాకా ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు. మర్నాడు పంతులమ్మ. ఆ పై రోజు టైలరు, తన ప్యాంటు పట్టుకుని.

నేను మాత్రం ఇంతవరకూ అడగలేదు. పిల్ల వాళ్లకి చెబుతున్నంతసేపూ మెట్ల మీద కూర్చుంటాను. అక్కడ గాలి బాగా వస్తుంది.